ఊరి కుండకు మా ఇంటి గుప్పెడు

కుందారపల్లి దగ్గర బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే ఎదురైనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ తూరి ఏం పెట్టినావమ్మా?" మా రైతులకు ఇదే కుశల ప్రశ్న. బాగున్నావా అని ఎవరూ అడగరు. టమాటానా, బీన్సా, రాగులా అని అడుగుతారు. జవాబును బట్టి మనిషి బాగున్నదీ లేనిదీ వాళ్ళే తేల్చుకుంటారు. నేను ఈ ప్రశ్నను రకరకాలుగా తప్పించుకున్నాను. ఒకరితో నర్సరీ అన్నాను, ఇంకొకరితో పూలచెట్లు అన్నాను. గట్టిగా నిలదీసిన ఒకావిడతో బెంగుళూరుకు పోయే సరుకు అన్నాను. అసలు సంగతేమిటంటే, ఎకరం నేలలో నేను ముళ్ళు పెట్టాను.

గోల్డెన్ బ్యారెల్ అని నర్సరీలవాళ్ళు పిలిచే కాక్టస్ అది. చిన్నప్పుడు నిమ్మకాయంత ఉంటుంది, ఏళ్ళు గడిస్తే గుమ్మడికాయంత అవుతుంది. ఆకు లేదు, కొమ్మ లేదు. పైనుంచి కిందికి మడతలు, ప్రతి మడత అంచునా పసుపురంగు ముళ్ళ వరస. బెంగుళూరులో ఆఫీసు బల్లల మీద, కొత్త ఇళ్ళ మెట్ల పక్కన పెట్టుకుంటారు. మా వైపు ముళ్ళ స్థానం చేను చుట్టూగానీ చేను లోపల కాదు. పక్క తోట పెద్దాయన మొదటిసారి వచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "కంచె చేను మేసిందంటే విన్నానమ్మా. కంచెనే చేనుగా పెట్టేది ఇప్పుడే చూస్తా ఉండాను" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. నాకు కోపం వచ్చింది, కాని ఆ మాటలో తప్పేముందో వెతికితే ఏమీ దొరకలేదు.

ఆ ఎకరం నాది కాదు, మా అత్తది. అత్త అంటే నా భర్త తల్లి, మా నాన్న చెల్లెలు కూడా. ఆమె పెళ్ళికి మా తాత పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేల అది. అప్పట్లో అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవట. అత్త ఆ రాళ్ళు ఏరి గట్లు వేసింది. రాగులు, ఉలవలు, తర్వాత బోరు పడ్డాక టమాటా, వంగ, గెణుసుగడ్డ పండించింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చేనుకు పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది లేదు. కొంగులో ఏదో ఒకటి కట్టి పంపేది అత్త. నేను పుట్టినప్పుడు నన్ను ఏమని పిలిచిందో పెళ్ళయి కోడలిగా వచ్చాక కూడా అదే పిలుపు: పాపా.

పెళ్ళయిన కొత్తలో మేం హోసూరులో ఉన్నాం. ఆయన మోటారు కంపెనీలో షిఫ్టుకు పోతే నేను ఊరి బయట గులాబీల షెడ్డులో పూలు ఏరి కట్టలు కట్టే పనికి పోయేదాన్ని. ఆ షెడ్డు పక్కన ఒక నర్సరీ ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడికి పోయి ఈ పసుపు గుండ్లను చూస్తూ కూర్చునేదాన్ని. గులాబీకి పూటపూటకూ మందు కొట్టాలి, నీళ్ళు ఆగితే తల వంచేస్తుంది. ఇదేమో ఎవరినీ ఏమీ అడగదు. అదే సమయంలో ఊళ్ళో అత్త బోరు ఎండిపోయింది. నీళ్ళు లేని నేలకు నీళ్ళు అడగని పంట అని నాకు తట్టింది. నా అంత తెలివైనది లేదనుకున్నాను. మేం ఊరికి వచ్చేశాం. హైవే మీదికి కంపెనీ బస్సు వస్తుంది కాబట్టి ఆయన రోజూ ఇక్కడి నుంచే హోసూరు పోయి వస్తున్నాడు.

మొక్కల మీద నీడకు కప్పే షేడ్‌నెట్ వేయడానికి సబ్సిడీ రావాలంటే భూమి నా పేరు మీద ఉండాలన్నారు. అత్తకు ఎలా చెప్పాలా అని నేను రెండు మూడు రోజులు గింజుకున్నాను. చెప్పగానే ఆమె తల దువ్వుకుని మంచి చీర కట్టుకుని బయల్దేరింది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఇష్టపడే ఇస్తున్నావా అని, మాది తమిళనాడు కాబట్టి, తమిళంలో అడిగారు. "పాపకే కదప్పా" అని అత్త తెలుగులోనే చెప్పి సంతకం పెట్టేసింది. బయటికొచ్చి ఇద్దరం చెరకు రసం తాగాం. అది చాలా మామూలు రోజులా గడిచింది.

ఇక చెట్ల సంగతి. ఇవి ఎడారివని, మన ఎండకు సుఖంగా ఉంటాయని మొదట్లో నాకు ధీమా. అది సగమే నిజం. పిల్లమొక్కలకు మన ఏప్రిల్ ఎండ నేరుగా తగిలితే ఒక పక్క తెల్లగా కాలిపోతుంది, ఆ మచ్చ జన్మలో పోదు. అందుకే నెట్ కావాలి. ఎండ కంటే పెద్ద శత్రువు వాన. ఎడారిలో తడిసినా రాత్రికి గాలి పొడిగా ఉంటుంది, వేరు ఆరిపోతుంది. ఇక్కడ వానాకాలంలో ఆరేసిన చీరే మూడు రోజులు ఆరదు, కుండీలో మట్టి ఎలా ఆరుతుంది? కాబట్టి నెట్ మీద ప్లాస్టిక్ షీటు వేయాలి, పక్కలు గాలికి వదిలేయాలి. మట్టి కూడా మన ఎర్రమట్టి కాదు. క్వారీ నుంచి తెచ్చిన రాతిపొడి జల్లెడ పట్టి ముతకది తీసుకోవాలి. దానికి చితక్కొట్టిన ఇటుక ముక్కలు, కాల్చిన వరిపొట్టు, కొంచెం ఆకు ఎరువు, పిడికెడు వేపపిండి కలపాలి. నీళ్ళు పోస్తే ఆగకుండా కింది నుంచి కారిపోవాలి. వేలు లోపలి దాకా పెట్టి, అంతా ఎండిందని నమ్మకం కుదిరాకే మళ్ళీ పోయాలి. అదీ చెట్టు మొదలు దగ్గరే పోయాలి, నెత్తిన పోయకూడదు. ముసురు పట్టిన నెలల్లో అయితే అసలు ముట్టుకోకూడదు.

చెప్పడం తేలికే. రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకు చెట్టు ముందు ఉత్త చేతులతో నిలబడటం చేతకాదు. ఎండిన మట్టి కనిపిస్తే చెయ్యి దానంతట అదే చెంబు కోసం పోతుంది. నేను ఆ చేతిని వెనక్కి కట్టుకోవడం నేర్చుకోవడానికి ఒక సీజను మొక్కలు పోగొట్టుకున్నాను. కుండీ మార్చేటప్పుడు పాత గోనెపట్టాను మడిచి చెట్టు నడుముకు చుట్టి ఎత్తాలి. అయినా ముల్లు దిగుతుంది. సాయంత్రం వాకిట్లో కూర్చుంటే అత్త నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముళ్ళు తీసేది. "మొగుడు పెట్టిన బాధలు తీసేదానికి వైద్యులు ఉండారు, నువ్వు పెట్టుకున్న బాధలు నేనే తీయల్ల" అని ఎగతాళి చేసేది.

హోసూరు నుంచి చెట్లు కొనడానికి వచ్చే నర్సరీ ఆయన ఒకసారి మాటల్లో చెప్పాడు, ఇంగ్లీషువాళ్ళు ఈ చెట్టును అత్తగారిని కూర్చోబెట్టే దిండు అంటారని. నేను పగలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానని అత్త అడిగితే ఆమెకూ చెప్పాను. అత్త ఆ గుండ్రటి ముళ్ళ పీట వైపు చూసి, "వాళ్ళ కోడండ్లు నీకంటే నయం. పీటన్నా వేస్తారు" అంది. నర్సరీ ఆయన నాకంటే ఎక్కువ నవ్వాడు.

ఇంతవరకూ అంతా నవ్వులాటే. ఎండాకాలంలో మా ఊళ్ళో మారెమ్మ పండగ జరుగుతుంది. అప్పుడు మొదలైంది అసలు కథ.

పండగ రోజు గుడి ముందు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండ ఎక్కిస్తారు. భూమి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఏడు తమ నేలలో పండినది ఒక గుప్పెడు తెచ్చి అందులో వేయాలి. ఉలవలు, కందులు, వంకాయ, గుమ్మడి ముక్క, ఏదైనా సరే. అన్నీ కలిపి ఒకే కూటుగా ఉడికించి, అమ్మకు పెట్టి, ఊరంతా కూర్చుని తింటారు. దాని రుచి ఏ ఏడు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఒక ఏడు అంతా టమాటా పులుపే, ఒక ఏడు అంతా ఉలవే. కొన్నది వేయకూడదు. అది ఎవరూ రాసిపెట్టిన మాట కాదు, అందరికీ తెలిసిన మాట. మొదటి గుప్పెడు మా ఇంటిది. ఈ ఊళ్ళో మొదట నేల చదును చేసింది మా ఇంటివాళ్ళని చెబుతారు, ఇప్పుడు మిగిలింది అత్త ఎకరం ఒక్కటే. అత్త కోడలిగా వచ్చిన ఏడు నుంచీ ఆ మొదటి గుప్పెడు ఆమె చేత్తోనే పడుతోంది. ఆమె వేస్తేనే మిగతావాళ్ళు కదులుతారు. అత్తకు నగలు లేవు, పెద్ద చదువు లేదు. ఆ ఒక్క నిమిషమే ఆమెకు ఊళ్ళో ఉన్న గౌరవం.

కాక్టస్ నాటాక వచ్చిన మొదటి పండగకు నాకు ఇదేదీ గుర్తుకు రాలేదు. పండగ పొద్దున పెరట్లోకి పోతే అత్త నీళ్ళ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ముందు పళ్ళెంలో గెణుసుగడ్డలు. కృష్ణగిరి మార్కెట్‌లో కడిగి అమ్మే రకం, నున్నగా ఎర్రగా ఉన్నాయి. అత్త మా చేని మట్టి కొంచెం తెచ్చి, నీళ్ళతో తడిపి, ఒక్కొక్క గడ్డకూ పూస్తోంది. పిల్లకు నలుగు పెట్టినట్టు, సందుసందుల్లోకీ. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఎందుకత్తా ఈ నాటకం? అట్లనే వేసేయి, ఎవరు చూస్తారు?" అన్నాను.

"చూస్తారు పాపా. కడిగిన గడ్డ కడిగినట్లే తెలుస్తాది."

"తెలిస్తే ఏమవుతాది?"

"కోడలొచ్చి నేలను గొడ్డు చేసిందంటారు" అంది. తల వంచుకుని మళ్ళీ పూయడం మొదలుపెట్టింది.

నేను అక్కడి నుంచి వచ్చేశాను. అప్పుడు నాకు కలిగింది సిగ్గే, కాని దాన్ని నేను విసుగు అనుకున్నాను. ఈ ఊరి చాదస్తాలకు అంతు లేదని మనసులో తిట్టుకున్నాను. సాయంత్రం అత్త ఆ గడ్డలను కుండలో వేసింది. ఎప్పుడూ అమ్మ ముఖం వైపు చూసి వేసే మనిషి, ఆ రోజు కుండలోకే చూసింది. కూటు తినలేదు, కడుపు బాగాలేదంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అత్త నెట్ లోపలికి వచ్చి నిలబడింది. నేను ఫోన్‌లో నర్సరీ ఆయనతో మాట్లాడుతున్నాను. కావేరిపట్టణంలో ఒక కొత్త కల్యాణమంటపానికి పెద్ద చెట్లు కావాలట.

"పాపా, వీటికి పువ్వు పూస్తాదా?" అని అడిగింది అత్త.

"పూస్తాది."

"ఎప్పుడు?"

"పెద్దదైతే పూస్తాది."

"ఎప్పుడు పెద్దదౌతాది?"

ఫోన్‌లో ఆయన ఏదో అంటున్నాడు, నాకు రెండు చెవులూ చాలడం లేదు. "నీళ్ళూ ఎరువూ బాగుంటే బిరాన పెద్దదౌతాది అత్తా" అనేసి చెయ్యి ఊపాను. గోల్డెన్ బ్యారెల్ పూయడానికి ఒక తరం పడుతుంది. మా వాటికి పూసే వయసు వచ్చేసరికి అత్త ఉండదు, నేను ముసలిదాన్ని అయిపోతాను. ఆ సంగతి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆమె ఎందుకు అడుగుతోందని ఆలోచించడానికి ఇంకో నిమిషం పట్టేది.

ఆ వానాకాలం మా చెట్లు తెగ బలిశాయి. మడతలు విప్పుకుని, నిగనిగలాడుతూ, ముందెన్నడూ చూడనంత లావయ్యాయి. నేను ఉబ్బిపోయాను. నర్సరీ ఆయనకు ఫోటోలు పంపాను. అంతా మట్టి మిశ్రమంలో ఉందని, నీళ్ళు ఎప్పుడు పోయాలో వేలికి తెలుస్తుందని, షేర్ ఆటోలో పక్కన కూర్చున్న పరాయి మనిషికి కూడా పాఠం చెప్పాను. బలిసిన కాక్టస్‌ను చూసి భయపడాలని నాకు తెలియాలి. తెలుసు కూడా. పొగడ్త చెవిలో పడుతున్నప్పుడు తెలిసినవి కూడా గుర్తుకు రావు.

దీపావళికి ముందు నర్సరీ ఆయన బండి వేసుకుని వచ్చాడు. తోలు గ్లవ్స్ తొడుక్కుని, గోనెపట్టా చుట్టి, అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకున్నాడు. కుండీని కాలితో అదిమి పైకి లాగాడు. పైభాగం మాత్రం చేతికి వచ్చింది. కిందిది గోధుమరంగు గుజ్జులా కుండీలోనే ఉండిపోయింది. కుళ్ళిన గుమ్మడికాయ వాసన గుప్పుమంది. ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టి ఇంకోదాన్ని పక్కకు నెట్టి చూశాడు. అదీ ఒరిగింది. ఆ వరసలో ఒకదాని తర్వాత ఒకటి, తాకితే ఒరిగిపోయాయి. పైకి మాత్రం అన్నీ పసుపుగా, పచ్చగా, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి.

"నీళ్ళు ఎక్కువ అయిందేమోమ్మా" అన్నాడు ఆయన, నా ముఖం చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా వేలి గురించి నేను చెప్పిన గొప్పలన్నీ ఆయన వినే ఉన్నాడు. "నీళ్ళా? నేనా?" అని గొంతు చించుకున్నాను. షీటు వేసినవాళ్ళను తిట్టాను. రాతిపొడి అమ్మినవాళ్ళను తిట్టాను. ఏదో మోసం జరిగిందన్నాను. ఊళ్ళోవాళ్ళు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారన్నాను.

"ఎవురినీ అనొద్దు పాపా. నేను పోసినాను."

అత్త నెట్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చెంబు లేదు, ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని ఉంది.

"నువ్వు హోసూరుకు పోయినప్పుడు, కావేరిపట్టణం పోయినప్పుడు, వీధి కొళాయిలో పట్టుకొచ్చి అన్నిటికీ తలా ఒక చెంబు పోసినాను" అని చెప్పింది.

"ఎందుకు పోసినావు?"

"నీళ్ళుంటే బిరాన పూస్తాదంటివి కదా. వచ్చే పండగకు అమ్మకు ఒక్క పువ్వన్నా మన నేలది పెడదామని."

నర్సరీ ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన లేకపోతే నేను ఇంకోలా మాట్లాడి ఉండేదాన్నేమో అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఆ మాట నేనే నమ్మను. "నా నెట్‌లోకి నిన్నెవరు రమ్మన్నారు? ఇంక దీంట్లో అడుగు పెట్టొద్దు" అన్నాను. అత్త సరేనని తల ఊపి, వెనక్కి తిరిగి, చెప్పులు వేసుకుని పోయింది. నెట్ లోపలికి ఆమె చెప్పులు విడిచి వస్తుందని నేను అప్పటివరకూ గమనించలేదు.

కుళ్ళిన బ్యారెల్‌ను కాపాడే పద్ధతి ఒకటి ఉంది. కత్తిని మంట మీద కాల్చి, కింది నుంచి కోసుకుంటూ పోవాలి. లోపల గోధుమరంగు చుక్క కూడా లేకుండా తెల్లటి కండ కనిపించే దాకా కోయాలి. కోసిన చోట గంధకం పొడి అద్ది, నీడలో గాలికి తలకిందులుగా పెట్టి, కాయ కట్టినట్టు గట్టిపడే దాకా వారాల తరబడి వదిలేయాలి. తర్వాత పొడి మిశ్రమం మీద కూర్చోబెడితే బతకాలని ఉన్నది వేరు వేస్తుంది. నేను అలా కోసుకుంటూ పోయాను. చాలావాటిలో నడినెత్తి దాకా కోసినా తెల్లటిది కనిపించలేదు. మిగిలిన కొన్నిటిని వసారాలో బల్ల కింద వరసగా పెట్టాను. అత్త వాటి పక్క నుంచి నడుస్తూ ఊడ్చేది, వాటిని చూసేది కాదు. నా చేతిలో ముళ్ళు మాత్రం ఎప్పటిలాగే తీసేది. తీసేటప్పుడు ఎగతాళి చేసేది కాదు.

నేను క్షమాపణ అడగలేదు. మా ఇళ్ళల్లో అడిగే అలవాటు లేదు. మంచిగా ఉంటే సరిపోతుందనుకుంటాం. కాఫీలో పాలు ఎక్కువ పోశాను. ఆమెకు ఇష్టమని కృష్ణగిరి నుంచి మెత్తటి బన్ను తెచ్చాను. అత్త తిన్నది, బాగుందన్నది.

మళ్ళీ పండగ దగ్గరపడింది. ఈసారి నాకు గుర్తుంది. గెణుసుగడ్డలకు మట్టి పూయడం నాటకమన్న నోరే, ఈసారి ఉలవలు తెచ్చి అత్త ముందు పెట్టింది. కృష్ణగిరిలో వెతికి కొన్నాను. రాళ్ళు కలిసిన ముతక రకమే కొన్నాను, కొన్నవని తెలియకుండా ఉండాలని.

"ఇవి వేయి అత్తా" అన్నాను.

అత్త సంచి మూతి విప్పి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. మళ్ళీ అందులోనే పోసింది. "మంచి గింజ. నువ్వు వండుకో పాపా" అని లేచిపోయింది. అమ్మను రెండోసారి మోసం చేయడం ఆమెకు ఇష్టం లేదని నాకు అర్థమైంది. అయితే ఏం చేస్తుందో అర్థం కాలేదు.

పండగ రోజు మధ్యాహ్నం నుంచే ఇంట్లో అత్త కనిపించలేదు. ముందే గుడికి పోయిందేమో అనుకుని నేను ఉలవల సంచి చంకలో పెట్టుకుని పోయాను. ఆఖరి నిమిషంలో ఆమె మనసు మార్చుకుంటే అందివ్వచ్చని. పొయ్యి వెలిగించారు. ఎసరు మరుగుతోంది. ఆడవాళ్ళందరూ పళ్ళేలతో నిలబడ్డారు, ఎవరూ కదలడం లేదు. "పెద్దింటమ్మ యాడ?" అని పూజారి అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను సంచి వైపు చూసుకున్నాను.

అప్పుడు అత్త వచ్చింది. నెత్తి మీద కట్టెల మోపు ఉంది. మా ఊళ్ళో భూమి లేనివాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, కుండలో వేయడానికి తమ నేలది ఏమీ ఉండదు కాబట్టి పొయ్యికి కట్టెలు తెస్తారు. గుట్టకు పోయి ఎండుపుల్లలు ఏరుకుని, మోపు కట్టి, నేరుగా పొయ్యి దగ్గర దించుతారు. అది ఎవరి వంతో ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. అత్త అలాగే వచ్చి, కట్టెలు తెచ్చినవాళ్ళ పక్కన మోపు దించింది. మెడ రుద్దుకుని, రెండు పుల్లలు పొయ్యిలోకి తోసి, అమ్మ ముఖం వైపు చూసి దండం పెట్టుకుంది.

ఒక్కరైనా ఏదైనా అని ఉంటే నేను తిరిగి అరిచేదాన్ని. నాకు అరవడం బాగా వచ్చు. "ఈ తూరి మా నేలలో ఏమీ కాయలేదప్పా. మీరు వేయండి" అని అత్తే పూజారికి మామూలు గొంతుతో చెప్పింది. పక్క తోట పెద్దాయన భార్య కాసేపు వెనకాడి, ముందుకు వచ్చి, మొదటి గుప్పెడు వేసింది. ఆమె పళ్ళెంలో ఉన్నవి ఉలవలే. తర్వాత అందరూ వేశారు. నేను సంచిని చీర మడతల్లోకి లాక్కున్నాను. ఆ కొన్న ఉలవలు కుండలోకి పోలేదు, ఇంటికి తిరిగి రావడానికి వాటికి చోటూ లేదు. భూమి చీలితే బాగుండు అంటారు కదా, ఆ రోజు నేను నిజంగానే కాళ్ళ కింద నేల వైపు చూశాను. బంతిలో నాకు కూటు వడ్డించారు. మా ఇంటిది ఏమీ లేని కూటు. నేను దాన్ని వేళ్ళతో కెలుకుతూ కూర్చున్నాను. అత్త మాత్రం నా ఎదురు వరసలో, కట్టెలవాళ్ళతో కూర్చుని, ఆకలిగా తిన్నది. రెండోసారి కూడా వేయించుకుంది.

ఇంటికి వచ్చాక అత్త అరుగు మీద కూర్చుని జుట్టు విప్పుకుంది. అందులో ఎండుబెరడు ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. నేను వెనక కూర్చుని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. దారి పొడవునా నా తలలో తిరుగుతున్నది ఆ పక్క తోటావిడ పళ్ళెమే. ఉలవకు నీళ్ళు అక్కర్లేదు. దున్నకుండా చల్లినా మొలుస్తుంది, మంచు పడితే కాస్తుంది. నెట్‌కు ఆవల, గట్టు పక్కన, జానెడు ఖాళీ నేలలో గుప్పెడు చల్లి ఉంటే మా ఇంటి గుప్పెడు మాకు ఉండేది. నేను క్వారీ రాతిపొడి గురించి ఆలోచించాను, గంధకం గురించి ఆలోచించాను. దీని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కానీ అత్తకు తట్టకుండా ఉంటుందా? పుట్టిన దగ్గర నుంచీ ఉలవలు చల్లిన చెయ్యి అది.

"అత్తా, గట్టు మీద పిడికెడు ఉలవలు చల్లుకునేదానికి ఇంత తావు ఇయ్యమని నన్ను అడిగుంటే సరిపోయేది కదా. ఎందుకు అడగలేదు?" అన్నాను.

అత్త ఒక బెరడు ముక్కను తనే తీసి కిందికి విసిరింది. "నీ భూమిలో తావు అడిగేదానికి నాకు నోరు రాలేదు పాపా" అంది.

"అదేం మాట? నా పేరు కాగితంలోనే కదా. భూమి నీదే."

అత్త వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసి నవ్వింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. చిన్నపిల్ల ఏదో తెలివితక్కువ మాట అంటే నవ్వినట్టు నవ్వింది.

"నాదే అయ్యుంటే ముండ్లు పెట్టనిచ్చేదాన్నా పాపా?" అంది.

ఆ ముళ్ళ కోసం నెట్ స్తంభాలు పాతిన రోజు గుంతలు తవ్వడానికి నాతో సమానంగా పార పట్టింది ఆమె. అప్పుడూ, ఆ తర్వాతా, ఒక్కసారి కూడా వద్దనలేదు.